ముఖం ఎవరో గీస్తారు, గొంతు ఎవరో తగ్గిస్తారు: కార్టూన్ల ముందు మన ఆడపిల్లలు

కామాటిపుర అనగానే బయటివాళ్ల కళ్ల ముందు ఏ బొమ్మ కదులుతుందో మనకు తెలుసు. ఈ పేటకు ఆ పేరు వచ్చింది మన కామాటీల వల్ల. తెలుగు నేల నుంచి వలస వచ్చి, రాళ్లు మోసి, ఈ నగరానికి గోడలు లేపిన కూలీలు వాళ్లు. అయినా 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ సినిమా విడుదలకు ముందు, పేట మొత్తానికీ ఒకే ముద్ర వేస్తున్నారని ఇక్కడివాళ్లు కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. మన ముఖాన్ని ఇంకొకరు గీస్తే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అదే పని మన ఖోలీల్లోని టీవీలు, ఫోన్లు మన ఆడపిల్లల విషయంలో రోజూ చేస్తున్నాయి. దాన్ని మాత్రం మనం పట్టించుకోవడం లేదు.

ముందు రంగు సంగతి. 1975లో మార్కెట్లోకి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ ప్రకటనలు దశాబ్దాల పాటు ఒకే కథ చెప్పాయి. నల్లటి అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. క్రీము రాసుకుంటే రెండూ వస్తాయి. చర్మం రంగును బట్టి ఎవరినీ తక్కువ చేసి చూపొద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ఆ క్రీము పేరు ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ చర్మపు రంగును బట్టి వెతికే ఏర్పాటును తీసేసింది. పేర్లు మారాయి. మన చాళ్లలో సంబంధం మాట రాగానే ‘పిల్ల రంగెట్లుంటది?’ అన్న ప్రశ్న మాత్రం మారలేదు. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అన్న సామెత మనదే. పెళ్లిచూపుల నాడు మాత్రం అది ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ పాఠం పెళ్లీడులో మొదలవదు. అయిదేళ్ల వయసులో కార్టూన్ల ముందే మొదలవుతుంది. 2008 నుంచి పోగోలో వస్తున్న ‘ఛోటా భీమ్’ను తయారు చేసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ. అంటే అది మన గడ్డ మీద పుట్టిన బొమ్మల కథ. అందులో చుట్కీ తెలివైనది, ధైర్యం ఉన్నది. కాదనలేం. కానీ పిల్లలకు గుర్తుండేది ఆమె గులాబీ బుగ్గలు. ఏడిపించే కుర్రాడి పేరేమో కాలియా. అంటే నల్లోడు. 2020 జూన్‌లో భీమ్ చుట్కీని కాదని ఇందుమతిని పెళ్లాడాడంటూ సోషల్ మీడియా ఊగిపోయింది. వాళ్లింకా చిన్నపిల్లలేనని ఆ సంస్థే వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఒక ఆడపిల్ల పాత్ర గురించి దేశమంతా మాట్లాడుకున్నది ఆమె సాహసం గురించి కాదు, పెళ్లి గురించి.

ఇక గొంతు సంగతి. హిందీలో భీమ్‌కు చాలా ఏళ్లు గొంతు ఇచ్చింది సోనల్ కౌశల్ అనే మహిళ. హిందీ డోరేమాన్‌కూ ఆమే పలికారు. జపాన్‌లో డోరేమాన్‌కు, అమెరికాలో బార్ట్ సింప్సన్‌కు కూడా మహిళలే గొంతు ఇచ్చారు. మగపిల్లల గొంతు పెరిగే వయసులో మారిపోతుంది కాబట్టి ఏళ్ల తరబడి సాగే సీరియళ్లకు ఆడవాళ్ల గొంతును ఎంచుకుంటారు. అంటే మన పిల్లలు చప్పట్లు కొట్టే మగపిల్లాడి ధైర్యం, కోపం, అల్లరి వెనుక ఉన్నది ఆడగొంతే.

అదే గొంతు ఆడపాత్రకు వచ్చేసరికి మాటలు కరువు. 1989 నాటి డిస్నీ చిత్రం ‘ది లిటిల్ మెర్మెయిడ్’లో కథానాయిక తన గొంతును మంత్రగత్తెకు ఇచ్చేసి, అందమైన మనిషి రూపం తెచ్చుకుంటుంది. ఆ చిత్రంలో 68 శాతం మాటలు మగపాత్రలవేనని ఇద్దరు అమెరికా భాషావేత్తలు 2016లో లెక్క తేల్చారు. కథానాయిక ఆడపిల్లే, మాట్లాడేది మగవాళ్లు.

మన పిల్లల మీద ఈ రెండు దెబ్బలూ ఒకేసారి పడుతున్నాయి. ఇంట్లో తెలంగాణ యాస, గల్లీలో హిందీ, బయట మరాఠీ మాట్లాడే అమ్మాయి, యాసను ఎవరైనా వెక్కిరిస్తే నోరు కట్టేసుకుంటుంది. ఫోటోలో ఫిల్టర్ పెట్టి రంగు తగ్గించుకుంటుంది. తన ముఖం, తన మాట రెండూ పనికిరానివని ఆమెకు చిన్ననాడే అర్థమవుతుంది.

ఇంకోలా చేయవచ్చని చూపించినవాళ్లూ ఉన్నారు. 1990ల తొలినాళ్లలో యూనిసెఫ్ కోసం ‘మీనా’ పాత్రను తీర్చిదిద్దింది ఇదే ముంబయికి చెందిన యానిమేషన్ దర్శకుడు రామ్ మోహన్. మీనా పల్లెటూరి పిల్ల. తమ్ముడితో సమానంగా తిండి పెట్టమని, బడికి పంపమని నోరు తెరిచి అడుగుతుంది. పిల్లలు ఆమెను గుర్తుపెట్టుకున్నది అడిగినందుకు.

మనం చేయగలిగినవి చిన్నవే. పిల్లలతో కూర్చుని ఒక్క కార్టూన్ చూసి, ఆడపాత్రలు ఎన్ని మాటలు మాట్లాడాయో వాళ్లచేతే లెక్కపెట్టిద్దాం. పెళ్లి బయోడేటాలో రంగు వరుసను కొట్టేద్దాం. రంగును కించపరిచే ప్రకటన కనబడితే ప్రమాణాల మండలికి ఫిర్యాదు చేద్దాం. ఆ హక్కు ఎవరికైనా ఉంది. అమ్మమ్మ చెప్పిన కథను మన అమ్మాయిల గొంతుతో, మన యాసలోనే ఫోన్‌లో రికార్డు చేయిద్దాం.

బతుకమ్మ నాడు చాళ్ ముందు చేరినప్పుడు, పాట ఎత్తుకునే ఆడబిడ్డ రంగు ఎంతని ఎవరూ అడగరు. గొంతు ఉందా అని చూస్తారు, వెనక అందుకుంటారు. మిగతా రోజుల్లోనూ మన పిల్లలకు ఆ మర్యాద దక్కాలి.