అడవి నడకకు ముందు ఒక తోట

సతతహరితారణ్యంలో రోజంతా నడవాలంటే అండమాన్‌కో, పడమటి కనుమలకో వెళ్ళాలి. ఆ అవకాశం అందరికీ ఉండదు. మీరు ఎప్పుడైనా కోల్‌కతా వెళ్తే హుగ్లీ నది దాటి, శిబ్‌పూర్ వృక్షోద్యానంలో ఒక రోజు నడవండి. 1787లో రాబర్ట్ కిడ్ ప్రారంభించిన ఈ తోట సుమారు 270 ఎకరాలు. మనుషులు నాటినదే అయినా, అమెజాన్ ప్రాంతపు పెద్ద కలువను కూడా ఇక్కడ చూడవచ్చు.

వచ్చినవారంతా ముందుగా పెద్ద మర్రి దగ్గరికే పరుగెత్తుతారు. దాని మొదలు ఎక్కడో వెతకకండి. తెగులు సోకిన ఆ కాండాన్ని 1925లో తొలగించారు. ఊడలే చెట్టును నిలబెట్టాయి.

నేను చెప్పదలచింది మాత్రం వేరే సంగతి. 1793లో ఈ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో పనిచేశాడు. తన గ్రంథాలలో లాటిన్ పేర్లతోపాటు మొక్కల తెలుగు పేర్లూ రాశాడు. ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? చెట్టూచేమా ఎరిగిన మన ఊళ్ళవారే కదా! నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుందనీ, తెల్లమద్దిది నునుపుగా ఉంటుందనీ మీకు తెలుసా? అయితే మీరు చదువు లేనివారని నేను ఒప్పుకోను. పట్టా ఉన్న నాకు ఆ తేడా చెప్పింది కట్టెలు అమ్మే ఒక అవ్వ.

కాబట్టి తోటలో పేరుపలక చదవకముందే మీకు తెలిసిన పేరు పైకి చెప్పండి. తెలియని చెట్టయితే ఆకు, బెరడు, కాయ ఎలా ఉన్నాయో రాసుకోండి. ఊరికి వచ్చాక పెద్దవారిని అడగండి.