మౌనం ఆమె స్వభావం కాదు, ఉద్యోగ నిబంధన

లీలా అవిలెస్ తీసిన మెక్సికన్ సినిమా 'లా కమరిస్తా' (2018)కి విమర్శకుల మెప్పు బాగానే దక్కింది. నెమ్మది, నిశ్శబ్దం, సంయమనం, హుందాతనం - పొగడ్తలన్నీ ఈ మాటల చుట్టూనే తిరిగాయి. మెచ్చుకోవడం తప్పని ఎవరంటారు? కానీ మెచ్చుకుంటున్నది దర్శకురాలి పద్ధతినా, హోటల్ గదులు శుభ్రం చేసే ఈవ్ నోరెత్తకపోవడాన్నా? ఈ రెంటినీ కలిపేయడం మీదే మా అభ్యంతరం.

ఈ సినిమా మెక్సికో నగరంలోని ఒక ఖరీదైన హోటల్లో నడుస్తుంది. ఈవ్‌కు నాలుగేళ్ల కొడుకు. వాణ్ణి మరో స్త్రీ చూసుకుంటుంటే ఈమె ఫోన్లో పలకరిస్తుంది. ఎవరో మరిచిపోయిన ఎర్ర గౌను తనకిస్తారేమోనని అడుగుతూ ఉంటుంది. 42వ అంతస్తులో పని దొరకాలని ఆశపడుతుంది. హోటల్లోనే పెట్టిన వయోజన తరగతిలో చేరుతుంది. ఇన్ని కోరికలున్న మనిషిలో మౌనం ఒక్కటే కనిపించడం ఎవరి చూపులో లోపం?

పక్క నీటుగా ఉండాలి, పరిచిన మనిషి కనబడకూడదు. ఇది యజమాని నియమం. దీన్నే సమీక్షకులు సౌందర్యం చేసేశారు. అమ్మ ఓర్పును పొగిడి పొగిడి ఆమె చాకిరీని లెక్కలోకి రానివ్వని సంస్కృతి మనకేం కొత్త కాదు.

ఇదే పని చేసే స్త్రీలు పారిస్‌లోని ఐబిస్ బాటిన్యోల్ హోటల్లో 2019 జూలైలో సమ్మెకు దిగారు. ఎక్కువమంది ఆఫ్రికా నుంచి వలస వచ్చినవాళ్లు. ఇరవై రెండు నెలలు పోరాడి 2021 మేలో గెలిచారు, పనిభారం తగ్గించుకున్నారు. వారిలో ఒకరైన రాషెల్ కెకె 2022లో ఫ్రెంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఎక్కడిది మౌనం?

అంత దూరం ఎందుకు? చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ గల్లీల్లో ఎన్ని హాస్టళ్లు! గ్రూప్స్‌కు చదివే పిల్లలు 39వ అధికరణం సమాన పనికి సమాన వేతనమనీ, 42వది మానవీయమైన పని పరిస్థితులు, ప్రసూతి సాయమనీ కంఠతా పడతారు. వారి బాత్రూములు కడిగే ఆమెకు జీతమెంత, వారానికొక సెలవుందా, యాసిడ్ పోసే చేతులకు గ్లౌజులున్నాయా అని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఒంటరిగా నాలుగంతస్తులు ఊడ్చే ఆమెకు ఈ సంగతి ఎవరు చెప్పారు?

సినిమాను సినిమాగా చూడాలి గానీ అందులో జీతాల పట్టిక వెతకడమేమిటని కొందరంటారు. సినిమాగా చూద్దాం, సరే. తెర మీద ఉన్నవి దుప్పట్లు, తువ్వాళ్లు, ట్రాలీ, లెక్కకు వచ్చే గదులు, లెక్కకు రాని గంటలు. వాటిని వదిలేసి హుందాతనం ఒక్కదాన్నే చూసినవారే సినిమాను సగం చూశారు.

మన పేటల్లో ఎవరైనా ఈ సినిమా వేసి చర్చ పెడితే ఒక్క పని చేయండి. గదులు ఊడ్చే స్త్రీలను పిలవండి. వాళ్ల డ్యూటీ ముగిసిన వేళకే పెట్టండి. ముందు వాళ్లు మాట్లాడతారు. విమర్శకులు కాసేపు మౌనంగా వినొచ్చు.