పందెం కుక్క పరామర్శకు వచ్చింది

కీమో ఎక్కించే గదిలో గంటలు గడవవు. చేతికి సూది, పక్కన స్టాండు, పైన వేలాడే సంచిలోంచి బొట్టుబొట్టుగా దిగే మందు. పక్కన కూర్చున్న ఇంటివాళ్ల దగ్గర చెప్పుకునే మాటలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూ అనే ఊళ్లో అలాంటి ఒక గదికి 2008 ప్రాంతంలో లియో వచ్చేది. మెడలో సర్కస్ జోకర్లు వేసుకునే కుచ్చుల కాలరు. ఒక్కో కుర్చీ దగ్గరా ఆగి తల అందించేది. నిమిరినవాళ్లు నిమిరినంతసేపు ఉండి, పక్క కుర్చీకి వెళ్లేది.

లియో పిట్‌బుల్ కుక్క. అంతకు ముందు ఏడాది అది వర్జీనియా రాష్ట్రంలో, చెట్ల మధ్య, భూమిలో పాతిన కారు ఇరుసుకు బరువైన గొలుసుతో కట్టేసి ఉంది. దాన్ని అక్కడ ఉంచింది పందేల కోసం.

2007 ఏప్రిల్ 25న ఆ రాష్ట్రంలోనే సర్రీ కౌంటీలోని ఒక ఇంటిని పోలీసులు సోదా చేశారు. వాళ్లు వచ్చింది మత్తుమందుల కేసు మీద. బయటపడింది కుక్కల పందేల స్థావరం. ఇంటి వెనక నల్లరంగు వేసిన షెడ్లు, గొలుసులకు 50కి పైగా కుక్కలు. వాటిలో లియో ఒకటి. ఇంటి యజమాని మైకేల్ విక్. అప్పట్లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో అట్లాంటా ఫాల్కన్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్, 13 కోట్ల డాలర్ల ఒప్పందం ఉన్న ఆటగాడు. ఓడిన కుక్కల్ని, పోరాడని కుక్కల్ని అక్కడ ఎలా చంపేవారో కోర్టు కాగితాల్లో ఉంది. ఉరివేసి, నీళ్లలో ముంచి, నేలకేసి కొట్టి. ఇంతకు మించి రాయడానికి నాకు చేతులు రావడం లేదు. 2007 డిసెంబరులో విక్‌కు 23 నెలల జైలుశిక్ష పడింది.

జంతువుల రక్తం మీద పందెం కాయడం మనకు తెలియనిది కాదు. పల్నాటి యుద్ధం కథే కోడిపందెం దగ్గర మొదలవుతుంది. ఇప్పటికీ సంక్రాంతికి భీమవరం వైపు కోడి కాలికి కత్తి కట్టి బరిలోకి వదులుతారు. దూరదేశం వాళ్ల క్రూరత్వమని వేలు చూపించే అర్హత మనకు లేదని ముందే చెప్పుకుంటున్నాను.

కుక్కలు దొరికాక అసలు ప్రశ్న వచ్చింది. వీటిని ఏం చేయాలి? అప్పటిదాకా అమెరికాలో పందెం కుక్కలు పట్టుబడితే కేసు తేలేదాకా సాక్ష్యంగా ఉంచి, తర్వాత చంపేయడమే ఆనవాయితీ. ఈసారీ అదే చేయమన్నారు. అన్నది ఎవరో కాదు, జంతువుల కోసం పోరాడే పెద్ద సంస్థలు, పెటా, హ్యూమేన్ సొసైటీ. కరవడానికే పెంచిన కుక్కలు మారవని వాళ్ల అభిప్రాయం. కుక్క తోక వంకర అని మన ఊళ్లో అనేమాటే అది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మనుషుల విషయంలోనే తీర్పు చెప్పేసేవాళ్లం, కుక్కల విషయంలో ఇంక ఆలోచిస్తామా?

అయితే ఆ కేసులో ఒక మంచి పని జరిగింది. ప్రతి కుక్కనూ విడిగా పరీక్షించారు. కేంద్ర ప్రభుత్వ న్యాయవాదులు ఏఎస్‌పీసీఏ అనే సంస్థ నిపుణులను రప్పించారు. రెబెకా హస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలిని ఈ కుక్కల సంరక్షకురాలిగా కోర్టు నియమించింది. వాటి పోషణకు విక్ దాదాపు 9 లక్షల 28 వేల డాలర్లు కట్టాలని ఆదేశించింది. నిపుణులు బొమ్మను చూపించారు, తిండిగిన్నె దగ్గర చెయ్యి పెట్టారు, ఇంకో కుక్కను ఎదురుగా నడిపించారు. మీద పడి కరిచే మృగాలు ఎదురవుతాయనుకుని వెళ్లినవాళ్లకు కనిపించింది వేరు. చాలా కుక్కలు మనిషి అడుగుల చప్పుడుకే అట్టులా నేలకు అతుక్కుపోయి వణుకుతున్నాయి. పరీక్షించిన 49 కుక్కల్లో మరీ ప్రమాదకరమని చంపాల్సి వచ్చింది ఒక్కదాన్నే.

ఈ ఒక్క అంకె కోసమే ఈ వారం శీర్షిక రాస్తున్నానంటే తప్పులేదు. ఒకే యజమాని, ఒకే పెరడు, అవే గొలుసులు. లోపల మాత్రం దేని స్వభావం దానిదే.

మిగిలినవి రకరకాల చోట్లకు వెళ్లాయి. 22 కుక్కలు యూటా రాష్ట్రంలోని కానబ్‌లో బెస్ట్ ఫ్రెండ్స్ అనే ఆశ్రమానికి చేరాయి. ఇంకొన్ని కాలిఫోర్నియాలో కుటుంబాలకు దత్తత వెళ్లాయి. ఏనాడూ ఇంట్లో బతకని ప్రాణులవి. మెట్లు తెలియవు, టీవీ చప్పుడు తెలియదు, మెత్తటి పరుపు తెలియదు. అన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి. అలా నేర్చుకున్నవాటిలో ఒకటి జానీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఇంటికి వెళ్లింది. నలుపు తెలుపు మచ్చల కుక్క. పరీక్షలు నెగ్గి, లియోలాగే మనుషులకు ఊరటనిచ్చే థెరపీ కుక్క అయ్యాక దానికి జానీ జస్టిస్ అని పేరు స్థిరపడింది.

జానీ ఉద్యోగం వినడం. చదవడం సరిగా రాని పిల్లలు దాని పక్కన చాపమీద కూర్చుని పుస్తకం చదివి వినిపించేవాళ్లు. తరగతిలో లేచి చదవమంటే గొంతు పెగలని పిల్లలు మనందరికీ తెలుసు. ఒక అక్షరం తడబడగానే వెనక బెంచీలో నవ్వు, టీచరమ్మ దిద్దుబాటు, చెవులు ఎర్రబడటం. కుక్క దిద్దదు. ఒత్తు మింగేసినా, అదే వాక్యాన్ని మూడుసార్లు మొదలుపెట్టినా, చెవి ఇటే ఉంటుంది. ఈ పద్ధతికి అమెరికాలో 1999లో సాల్ట్‌లేక్ సిటీలో శ్రీకారం చుట్టారు. 2014లో జానీకి ఏఎస్‌పీసీఏ ఆ ఏటి ఉత్తమ శునకం పురస్కారం ఇచ్చింది. దాని రూపంతో పిల్లలు ఆడుకునే మెత్తటి బొమ్మ కూడా బజారుకు వచ్చింది.

అసలు థెరపీ కుక్కల చరిత్రలో మొదటి పేరుగా చెప్పేదే దారిన దొరికిన కుక్కది. 1944లో న్యూగినీ అడవిలో, కందకంలో, అమెరికన్ సైనికులకు నాలుగు పౌన్ల బరువున్న ఓ బుల్లి కుక్క దొరికింది. స్మోకీ అని పేరు పెట్టారు. బిల్ విన్ అనే సైనికుడు దాన్ని రెండు ఆస్ట్రేలియన్ పౌన్లకు కొనుక్కున్నాడు. ఆయన డెంగీతో ఆసుపత్రిలో పడితే మిత్రులు స్మోకీని చూపించడానికి తెచ్చారు. గాయపడిన సైనికుల ముఖాలు వెలగడం చూసి నర్సులే దాన్ని వార్డంతా తిప్పారు.

మనిషికి కుక్క ఇచ్చే ఊరట ఎక్కడుంది? ప్రేమగా నిమిరితే గుండె వేగం తగ్గుతుందని, ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ హార్మోన్ తగ్గుతుందని వైద్యపరిశోధకులు చెబుతారు. నిజమే కావచ్చు. నేను మాత్రం దాన్ని మా ఇంటి వసారాలో చూశాను.

అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ వచ్చి రబ్బరు బంతి చేతిలో పెట్టి నొక్కమనేవాడు. మూడోరోజుకే అమ్మ బంతిని మంచం కిందకి వదిలేసింది. "నన్నొదిలెయ్ నాయనా" అంది. వసారాలో మంచం మీద పడుకుంటే కుడిచెయ్యి కిందికి వేలాడుతుండేది. మా వీధిలో నల్లోడు అని ఒక కుక్క. ఎవరో ఎప్పుడో వేడినీళ్లు పోస్తే వీపు మీద అరచెయ్యంత మేర వెంట్రుకలు రాలేదు. మనిషి చెయ్యెత్తితే చాలు, తోక ముడిచి పరుగు. ఆ కుక్క ఒకరోజు మధ్యాహ్నం గేటు సందులోంచి వచ్చి, వేలాడే ఆ చేతికింద పడుకుంది. ఆ చెయ్యి లేచి కొట్టలేదని దానికెలా తెలిసిందో! నాలుగైదు రోజులకి తల ఆ చేతికి ఆనించడం మొదలుపెట్టింది. ఓ సాయంత్రం అమ్మ పిలిచింది.

"ఒరే, దీని చెవి చూశావా, ఎవడో కోసేశాడు."

"కోయలేదమ్మా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు."

"నొప్పెట్టి ఉంటుంది పాపం" అని, ఆ కోత ఎక్కడుందో వేళ్లతో వెతికింది. కుడిచేతి వేళ్లతో. చూపుడువేలు, మధ్యవేలు కదిలాయి. బంతిని నొక్కని వేళ్లు.

నల్లోడి వల్ల అమ్మ కోలుకుందని చెప్పను. మందులున్నాయి, ఆ ఫిజియోథెరపీ అబ్బాయి ఓపిక ఉంది, ఏడాది కాలం ఉంది. కానీ రోజూ మధ్యాహ్నం మూడింటికి అమ్మ ఆ చెయ్యి కదిలించడానికి ఒక కారణం గేటు సందులోంచి వచ్చేది. ఆ కారణాన్ని ఏ మందుల షాపులో కొనగలను?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మా వసారాలో జరిగింది అదృష్టం. థెరపీ కుక్క అలా తయారవదు. టీకాలన్నీ వేయించాలి, గోళ్లు కత్తిరించాలి, వెళ్లే ముందు స్నానం చేయించాలి. చక్రాల కుర్చీ దొర్లినా, చేతికర్ర ధడాలున పడినా, పిల్లాడు తోక లాగినా బెదరకూడదు. దీనికి శిక్షణా, పరీక్షలూ ఉంటాయి. పట్టుకుని తిప్పే మనిషికీ అంతే శిక్షణ కావాలి. కుక్క పదేపదే ఆవలిస్తున్నా, మూతి నాక్కుంటున్నా, ముఖం తిప్పుకుంటున్నా అది చాలంటోందని అర్థం. అప్పుడు ఇంటికి తీసుకుపోవాలి. రోజుకు రెండు గంటలు దాటనివ్వని సంస్థలున్నాయి. బాధపడి వచ్చిన కుక్కను మన బాధలు మోయడానికి మళ్లీ వాడుకోవడం అయిపోకూడదు. విక్ కుక్కల్లో చాలావాటికి ఈ పని పడలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. ఛాంపియన్‌గా పేరుపడ్డ లూకస్ మనుషులతో ఎంతో చనువుగా ఉండేది. అయినా దాన్ని బయటికి దత్తత ఇవ్వొద్దని కోర్టు షరతు పెడితే ఆశ్రమంలోనే ప్రేమగా చూసుకున్నారు. కొన్ని జీవితాంతం కొత్తవాళ్లను చూసి భయపడుతూనే ఉన్నాయి. మెత్తటి పడకా, కొట్టని చెయ్యీ దొరకడమే వాటికి కొత్త జీవితం. ఆ కుక్కల్లో చివరిదని చెప్పే ఫ్రోడో 2021 డిసెంబరులో కన్నుమూసింది.

ఇప్పుడు మన సంగతి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ సీసీటీవీ దృశ్యం చూసిన ఏ తల్లిదండ్రులకైనా కుక్కల మీద కోపం వస్తే అది న్యాయమైన కోపం. రేబిస్‌తో మనిషి పోయిన ఇంటికి వెళ్లి కుక్కప్రేమ గురించి ప్రసంగించడం నా వల్ల కాదు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధికుక్కలను పట్టి, ఆపరేషన్లు చేసి, టీకాలు వేసి షెల్టర్లలో ఉంచాలని, పట్టిన చోట మళ్లీ వదలొద్దని ఆదేశించింది. ఆసుపత్రి మెట్ల మీద టీకా లేని కుక్కల గుంపు ఉండకూడదన్న మాటతో నాకు పేచీ లేదు.

నా పేచీ అంతా తర్వాతి అంకం గురించి. షెల్టర్ అంటే రేకుల షెడ్డు, ఒక తాళం, ఒక నీళ్లతొట్టి అని మన మున్సిపాలిటీలు అనుకుంటే, మనం సర్రీ కౌంటీ పెరడునే సర్కారు ఖర్చుతో కడుతున్నట్టు. పట్టుకొచ్చిన ప్రతి కుక్కతోనూ పశువైద్యుడొకరు, కుక్కల స్వభావం తెలిసినవారొకరు కలిసి ఒక్క గంట గడపాలి. కరిచేదేదో, భయపడేదేదో, చెయ్యి కనిపిస్తే తల అందించేదేదో అప్పుడు తెలుస్తుంది. కరిచేవాటిని విడిగా ఉంచండి. భయపడేవాటికి సమయం ఇవ్వండి. తల అందించేవాటిని దత్తత ఇవ్వండి. వాటిలోంచి నాలుగింటికి శిక్షణ ఇచ్చినా ఒక వృద్ధాశ్రమానికి, ఒక ప్రత్యేక అవసరాల పిల్లల బడికి సరిపోతాయి. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ హైదరాబాద్‌లో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. మంచి పని. అది పిల్లలతో ఆగకుండా పెద్ద కుక్కలదాకా రావాలి, జిల్లా కేంద్రాలదాకా రావాలి.

పెంపుడు కుక్క కోసం వేలకు వేలు పోసి విదేశీ జాతిని కొనాలనుకుంటున్న పాఠకులకు ఒక మనవి. కొనే ముందు ఒక ఆదివారం మీ ఊరి షెల్టర్‌కు వెళ్లండి. గేటు దగ్గర మొరిగేవాటిని దాటి, మూలన నేలకు అతుక్కుని పడుకున్నదాని దగ్గర కాసేపు కూర్చోండి. చెయ్యి ఎత్తకండి. కిందికి వదిలి ఉంచండి.