యాభై రూపాయల జరిమానాతో పందెం ఆగుతుందా?

సంక్రాంతి దగ్గర పడిందంటే గోదావరి జిల్లాల్లో బరులు సిద్ధమవుతాయి. ఆ దృశ్యాలు బరంపురం నుంచి పొడంపేట దాకా మన కుర్రాళ్ళ ఫోన్లలోకి వచ్చేస్తాయి. వాటితోపాటు కుక్కల పోట్లాట వీడియోలూ తిరుగుతున్నాయి. "పండగ సరదాకి పోలీసు కేసేమిటండీ?" అని అడిగేవారు మనలో ఉన్నారు. చట్టం ఏమంటుందో ఒకసారి చూద్దాం.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం పందెం విషయంలో కోడికీ కుక్కకీ తేడా చూపదు. వినోదం కోసం ఒక జీవాన్ని మరో జీవం మీదికి ఉసిగొల్పడం 11వ సెక్షన్ కింద నేరం. పందెం నడపడం, అందుకు చోటివ్వడం, లోపలికి పంపడానికి డబ్బు పుచ్చుకోవడం కూడా నేరమే. కాబట్టి తోట ఇచ్చిన ఆసామీ "నేను పందెం కాయలేదు" అంటే చెల్లదు. పందెం నిర్వహణలో పోలీసులు వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు.

మరి శిక్ష ఎంత? మొదటిసారి 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లక్షలు చేతులు మారే బరిలో 50 రూపాయలంటే టీ ఖర్చుకే చాలదు. ఇంకో లొసుగు ఉంది. నేరం జరిగిన మూడు నెలల్లోగా ప్రాసిక్యూషన్ మొదలుకాకపోతే ఈ చట్టం కింద కేసు చెల్లదని 36వ సెక్షన్ చెబుతోంది. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలుసు, ఒక ఫైలు మూడు నెలలు బల్ల మీద పడుకోవడం ఏమంత కష్టం కాదు.

కోర్టులు ఊరుకోలేదు. జంతువులను పోట్లాటకు రెచ్చగొట్టకుండా చూడాలని సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు తీర్పులోనే ప్రభుత్వాలను ఆదేశించింది. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు కోడి పందేలను అడ్డుకోవాలని చెప్పింది. అయినా ఏటా బరులు వెలుస్తూనే ఉన్నాయి. 2023లో జల్లికట్టుకు అనుమతి దొరికిందిగా అంటారు కొందరు. తమిళనాడు చట్టాన్ని సవరించుకుంది కాబట్టి దొరికింది. ఆంధ్రలో గానీ ఒడిశాలో గానీ కోడి పందేలకు అలాంటి సవరణ లేదు.

అమెరికాలో 2007లో మైకేల్ విక్ అనే పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడికి కుక్కల పందేల కేసులో 23 నెలల జైలు పడింది. పట్టుకున్న కుక్కల పోషణకు సుమారు 9 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అక్కడ దాన్ని ఒక మనిషి సరదాగా చూడలేదు, పలువురు కలిసి చేసిన కుట్రగా చూశారు.

మన దగ్గరా ఆ దారి తెరుచుకుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ ప్రకారం, ముఠాగా అనుమతి లేని పందేలు, జూదం నడిపితే ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, పైగా జరిమానా. ఇది ఆంధ్రకెంతో ఒడిశాకీ అంతే. యాభై రూపాయలతో పోతుందనుకున్న కుర్రాడి మీద ఈ సెక్షన్ పడితే పాస్‌పోర్టు దగ్గరా ఉద్యోగం దగ్గరా పోలీసు విచారణలో అడ్డు తగులుతుంది.

ఇది సంప్రదాయం అనేవారికి ఒక మాట. పల్నాటి కథలో కోడి పందెం ఎక్కడికి దారితీసిందో మన పెద్దలే చెప్పారు. రాజ్యం పోయింది, ప్రాణాలు పోయాయి. కత్తి కట్టిన కోడి నిమిషాల్లో చస్తుంది. వేటకెళ్ళి తెచ్చిన డబ్బు బరిలో పోగొట్టుకున్న ఇల్లు మాత్రం ఏడాదంతా అప్పు తీరుస్తూ కూర్చుంటుంది.

1936లో ఒడిశా ఏర్పడక ముందు నుంచీ ఈ గడ్డ మీద ఉన్నవాళ్ళం మనం. పదిమందిలో తక్కువమందిమి కాబట్టి ఒకడు చేసిన తప్పు అందరి పేరు మీదికీ వస్తుంది. అందుకే నా విన్నపం ఇంతే. పండక్కి ముందే ప్రతి పేటలోనూ పెద్దలు కూర్చుని, బరికి చోటివ్వబోమని తీర్మానం చేయాలి. ముగ్గుల పోటీ, కబడ్డీ, పడవల పందెం పెట్టండి, సంఘం తరఫున మా వంతు సాయం మేం చేస్తాం. చట్టానికి కోరలు రావడానికి పార్లమెంటు కావాలి. మన తోటలోకి బరి రాకుండా ఆపడానికి మనం చాలు.