పునరుత్పాదక విద్యుత్ బాధ్యత – పంట భూమి

పంపిణీ సంస్థలు తమ విద్యుత్తులో కొంత శాతాన్ని పునరుత్పాదక వనరుల నుండి కొనుగోలు చేయాలని నిర్దేశించే అధికారాన్ని విద్యుత్ చట్టం, 2003 రాష్ట్ర నియంత్రణ మండళ్ళకు అప్పగించింది. కేంద్రం 2023 అక్టోబరులో ప్రకటించిన క్రమం ప్రకారం ఈ వాటా 2024-25లో 29.91 శాతం, 2029-30 నాటికి 43.33 శాతం. లోటును ధ్రువపత్రాలతో పూడ్చుకోవచ్చును. సౌర విద్యుత్తుకు వెయ్యి యూనిట్లకు ఒక పత్రం.

మన్సూరాబాద్‌లో ఇంటి కప్పుపై ఫలకం అమర్చితే సాగు భూమి తగ్గదు. పొలంలో అమర్చితే పంట తగ్గవచ్చును. లెక్కలో మాత్రం రెండు యూనిట్లూ సమానమే. పీఎం-కుసుమ్ పథకం 'ఎ' విభాగం సాగు భూములను కూడా అనుమతించినది. అయితే అక్కడ ఫలకాలను ఎత్తైన స్తంభాలపై, వరుసల మధ్య తగినంత ఎడముతో అమర్చాలన్నది నిబంధన. ఆ విద్యుత్తు పంపిణీ సంస్థ బాధ్యతలో యూనిట్లను బట్టి జమ అగును. పంటను బట్టి కాదు.

కావున సాగు భూమి యూనిట్లను జమ చేయుటకు ముందు, ఫలకాల కింద పంట ఉన్నట్లు మండల వ్యవసాయాధికారి ధ్రువీకరణను తప్పనిసరి చేయాలి. స్తంభాలకు వ్యయం అధికమన్నది వాస్తవమే. దానిని రైతుపై మోపక కొనుగోలు ధరలో చేర్చుట న్యాయం. పసుపు, అల్లం వంటి నీడనోర్చు పంటలకు ఏ ఎత్తు, ఎంత ఎడము అనుకూలమో తేల్చవలసినది వ్యవసాయ శాస్త్రవేత్తలే. ఆ సిఫారసులు లేనిదే ధ్రువీకరణ కాగితానికే పరిమితమగును.