కస్టమర్ ఎందుకు వెనక్కి పోతుండు? మనోళ్ళ సైట్ల గురించి ఒక మాట

పోస్టు కొంచెం పెద్దగుంటది. సొంతంగా ఏదన్న అమ్ముకుందాం అనుకునే మన పిల్లలైతే ఓపికతో చివరి దాక చదవండి.

పోయిన నెల అచ్చంపేట దిక్కు తండా నుంచి ఒక అన్న ఫోన్ చేసిండు. అడవి తేనె, మన లంబాడి అద్దాల కుట్టు సంచులు అమ్మడానికి వెబ్‌సైట్ చేయించిండు. 35 వేలు పెట్టిండు, అందులో 20 వేలు మహిళా సంఘంల వదిన తీసుకున్న అప్పు. మూడు నెలల్ల వచ్చిన ఆర్డర్లు రెండే, అందులో ఒకటి వాళ్ళ బావమరిదిది. "తమ్మీ, రోజూ ముప్పై నలభై మంది వచ్చి చూస్తున్నరట, కొనకుండనే పోతున్నరు. వాళ్ళను ఆపేటట్టు ఏదో పెట్టాలెనట. సైటు చేసినాయన ఇంకో 12 వేలు అడుగుతుండు" అన్నడు.

ఆపేటట్టు అంటే ఏందని అడిగిన. పోదామనుకునేటోనికి అడ్డంగ వచ్చే ఆఫర్ డబ్బా ఒకటి. "10 నిమిషాల్లో ధర పెరుగుతుంది" అని వెనక్కి తిరిగే గడియారం ఒకటి. "ఇప్పుడే హైదరాబాద్ నుంచి ఒకరు కొన్నారు" అని ఎవరూ కొనకపోయినా చూపించే పట్టీ ఒకటి.

ఆ 12 వేలు ఇయ్యొద్దన్న. నా అభిప్రాయం ఒక్కటే. కస్టమర్ పోయేది మనం పట్టుకోలేక కాదు, ఆయన అడగాలనుకున్నదానికి సైటుల జవాబు లేక.

ముందుగాల సైటు తెరుచుకోవాలె కదా. నేను ఆ సైటును మన్ననూరు దగ్గర బస్సుల కూసోని తెరిచిన. నల్లమలల సిగ్నల్ సంగతి మీకు చెప్పే పని లేదు. తెల్ల తెర తప్ప ఏం కనపడలే. తర్వాత చూస్తే మొదటి పేజీల ఆరు ఫోటోలు, ఒక్కోటి దాదాపు 4 ఎంబీ, కెమెరాల నుంచి తీసినవి తీసినట్టే పెట్టిన్రు. మొత్తం 24 ఎంబీ. సెకనుకు 2 మెగాబిట్ల స్పీడు వచ్చే కాడ అది పూర్తిగా దిగాలంటే నిమిషన్నర పడుతది. మొబైల్‌ల పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు దాటితే 53 శాతం మంది వదిలేసి పోతున్నరని గూగుల్ 2016లోనే చెప్పింది. అదే ఫోటోను 150 కేబీకి తగ్గిస్తే ఫోన్‌ల తేడా కనపడదు. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక పొద్దు పని.

తెరుచుకున్నంక ఏమున్నది? "ప్రకృతి ఒడిలో పుట్టిన స్వచ్ఛత, మీ ఇంటి ముంగిట్లోకి" అని పెద్ద అక్షరాలు. దాని కింద అన్న దండ వేసుకున్న ఫోటో, అచ్చం ఫ్లెక్సీ లెక్క. తేనె ధర ఎంతనో చూడాలంటే మూడుసార్లు నొక్కాలె, అది కూడ రిజిస్టర్ అయి, ఓటీపీ కొట్టినంకనే.

మా యాడి సీతాఫలాల సీజన్‌ల పెబ్బేరు సంతకు గంప తీసుకపోయేది. నేను పక్కన కూసునేటోన్ని. మనిషి వచ్చి వంగి చూసేలోపే ధర చెప్పేది. అనుమానంగ చూస్తే ఒక పండు ఇప్పి చేతిల పెట్టేది. "ముందు నీ పేరు, ఫోన్ నంబర్ చెప్పు, తర్వాత ధర చెప్త" అంటే ఆ గంప కాడ ఎవరు నిలవడతరు? సైటుల మాత్రం మనం అదే పని చేస్తున్నం.

పోస్టు ఖర్చు ఇంకో తంటా. సీసా 400 అని చూపించి, అడ్రస్ అంతా కొట్టించి, ఆఖరికి 490 అంటే ఎవరికన్న కోపం వస్తది. 90 ఎక్కువని కాదు, దాచిపెట్టిన్రని. డెన్మార్క్‌ల బేమార్డ్ అనే సంస్థ ఏండ్ల నుంచి దీని మీదనే పరిశోధన చేస్తుంది. ఆన్‌లైన్ బుట్టల్ల సుమారు 70 శాతం కొనకుండనే వదిలేస్తున్నరని, ఊరికే చూసి పోయేటోళ్ళను పక్కన పెడితే చివర్ల కలిసే అదనపు ఖర్చే పెద్ద కారణమని వాళ్ళ లెక్క. 490 అని ముందే రాసి, పోస్టుతో కలిపి అని చెప్తే పోయేదేముంది?

ఇప్పుడు అసలు సంగతి, నమ్మకం. తేనె కొనేటోని మనసుల ఉండేది ఒక్కటే, చక్కెర పాకం కలిపిన్రా అని. సీసా ఇంటికి పోయినంక చలికాలం గడ్డ కడితే "దొంగ తేనె" అంటడు. తేనెల గ్లూకోజు ఉంటది, చల్లగైతే గడ్డ కడుతది, సీసాను గోరువెచ్చని నీళ్ళల్ల పెడితే కరుగుతది. ఈ మూడు ముక్కలు సైటుల ఎక్కడ లేవు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ లేదు. ఆ నిబంధనల ప్రకారం తేనెల తేమ 20 శాతం దాటొద్దు. అడవి తేనెల తేమ ఎక్కువుంటే పులుస్తది, మూత ఉబ్బుతది. పరీక్ష చేయించిన కాగితం ఫోటో పెడితే వంద విశేషణాల పెట్టు. ఏ నెలల తీసిన్రు, ఏ పెంట దిక్కు, ఎవరు వడగట్టిన్రు, ఎవరికి ఫోన్ చేయాలె, ఇవి రాస్తే చాలు.

గద్వాల చీరకు కూడ ఇంతే. ఒళ్ళు నూలు, అంచు, కొంగు పట్టు, రెండిటిని కలిపి నేసే పనితనమే దాని పేరు. దుకాణంల అయితే చేతితో పట్టుకొని తిప్పి చూస్తరు. ఫోన్‌ల తిప్పలేరు కాబట్టి అతుకు కాడ దగ్గరి ఫోటో, వెనక పక్క ఫోటో, హ్యాండ్లూమ్ మార్క్ చీటీ కనపడాలె. మోడల్ నవ్వుతున్న ఫోటోలు పది పెట్టి ఏం లాభం?

ఒకటి కోపంగనే రాస్తున్న, ఏమనుకోవద్దు. ఆ సైటుల బాణం పట్టుకున్న ఒక చెంచు తాత ఫోటో ఉన్నది. ఎవరని అడిగితే నెట్‌ల దొరికిందట. ఆ తేనె తీసింది ఆయన కాదు, అమ్మకంల ఆయనకు పైసా లేదు, ఆయనను అడగలే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు మనకు ఇచ్చింది, తేనె కూడ అందులదే. మన హక్కు గురించి ధర్నాల మాట్లాడి, మన తాత మొఖాన్ని అడగకుండ లేబుల్ మీద పెట్టుకునుడు ఏం న్యాయం? తేనె తీసిన చెంచు తమ్ముని ఒప్పించి, ఆయన వాటా తేల్చి, ఆయన ఫోటో పెట్టు. కస్టమర్‌కు కూడ అదే నమ్మకం.

ఆ గడియారం, అబద్ధపు పట్టీల సంగతి చెప్పాలె. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు తెచ్చింది. 13 రకాల మోసపు పద్ధతులు రాసిన్రు. లేని తొందర పెట్టుడు, ధరను ముక్కలు ముక్కలుగ చివర్ల చెప్పుడు రెండూ అందులున్నయి. అప్పు తెచ్చి 12 వేలు పెట్టి మనం కొనుక్కునేది దాన్ని అన్నమాట.

"సైటు ఎందుకు, వాట్సాప్ చాలదా, గిరిజన సహకార సంస్థకు ఇస్తే అయిపోతది కదా" అని కొందరు అంటరు. ట్రైఫెడ్ వాళ్ళ ట్రైబ్స్ ఇండియా కూడ ఉన్నది. ఇయ్యండి, నేను వద్దంటలేను. నెలకు పది సీసాలే ఉంటే వాట్సాప్ చాలు, 35 వేలు అసలే దండుగ. కాని ఎవరు కొన్నరో, మళ్ళ ఎందుకు కొనలేదో మనకు తెల్వాలంటే సొంత దుకాణం కావాలె, సంతల మన గంప మనకున్నట్టు.

అన్నతోని ఒక పని చేయించిన. జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు ఐదుగురికి చూపిస్తే పెద్ద తప్పులు చాలావరకు బయటపడతయని 2000లో రాసిండు. వనపర్తి బస్టాండ్‌ల ఐదుగురికి ఫోన్ చేతిలిచ్చి "అరకిలో తేనె కొనండి" అని, నోరు మూసుకొని పక్కన కూసున్నం. నలుగురు ఓటీపీ కాడ ఆపేసిన్రు. ఒక టీచరమ్మ "ధర ఏది నాయనా?" అని అడిగింది. అన్న మొఖం చూడాలె అప్పుడు.

ఇప్పుడు మొదటి పేజీల సీసా, పోస్టుతో కలిపిన ధర, ఫోన్ నంబర్, తేనె తీసిన తమ్ముని ఫోటో, కింద ఐదు ప్రశ్నలకు జవాబులు ఉన్నయి. రిజిస్ట్రేషన్ తీసేసినం. వారమే అయింది, అమ్మకాలు పెరిగినయని నేను అబద్ధం చెప్ప. ఫోన్లయితే వస్తున్నయి. నిన్న ఒకామె సంచి మీది అద్దాలు ఉతికితే ఊడతయా అని అడిగిందట. ఆ ప్రశ్న కూడ పేజీల కలుపుమని చెప్పిన.

మూడు జిల్లాల్ల మనోళ్ళు ఎవరు సైటు పెట్టినా లింకు కింద పెట్టండి. నా దగ్గర రెండు జీబీ ర్యామ్ పాత ఫోన్ ఉన్నది, దాంట్ల తెరిచి ఎక్కడ ఆగుతుందో రాస్త. తిట్టినట్టు అనిపిస్తే అన్న అనుకొని క్షమించండి.