సుంకం తీస్తే మేలెవరికి?

సుంకాల భారం చివరికి కొనేవాడి మీదే పడుతుందన్న ఒక ఆర్థికవేత్త వ్యాసం చదివాను. నిజమే. సుంకం ఎత్తేస్తే ఆ మేలూ కొనేవాడికే చేరుతుందన్నారు. అక్కడే నా అభ్యంతరం.

2025 ఆగస్టు 19 నుంచి కేంద్రం పత్తి దిగుమతులపై 11 శాతం సుంకం ఎత్తేసి, ఆ మినహాయింపు గడువును డిసెంబరు 31 దాకా పొడిగించింది. మా చౌటుప్పల్ చేలల్లో పత్తికాయ పగిలే కాలమది. పొడవు పింజకు ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే అది దక్కదు. ఇక దళారి కాంటాయే దిక్కు, చవక దిగుమతుల సాకుతో అతను చెప్పిందే ధర. ఏరిన కూలీలకు మాత్రం డబ్బులు ఆపలేం కదా! మిల్లుకు దూది చవకైనా, దసరాకు పిల్లలకు కొన్న చొక్కా ధర పైసా తగ్గలేదు.

2025లో అమెరికా వేసిన 50 శాతం సుంకంతో దెబ్బతిన్న బట్టల ఎగుమతిదారులను ఆదుకోవాల్సిందే. ఆ ఖర్చు ఖజానా భరించాలి, మా చేను కాదు.

— ఒక పత్తి రైతు, చౌటుప్పల్